పెట్రోలు వాసన వస్తే ‘పాత కారు కదా’ అని ఊరుకోకండి!

వంటింట్లో కాస్త గ్యాసు వాసన వస్తే మనం ఏం చేస్తాం? పొయ్యి మీద పాలు పొంగుతున్నా సరే, ముందు రెగ్యులేటరు కట్టేస్తాం. కిటికీలు బార్లా తెరుస్తాం. లైటు స్విచ్చు ముట్టుకోం, పిల్లల్ని ముట్టుకోనివ్వం. ఎవరూ చెప్పక్కర్లేదు, చేతులు వాటంతటవే ఆ పనులు చేసేస్తాయి. మరి కారులో కూర్చున్నప్పుడు పెట్రోలు వాసన వస్తే? కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, అద్దం కొంచెం దించి, “ఇంకెంత దూరం?” అని అడుగుతాం. అంతే!

ముందు సీట్లో ఉన్నాయన “పాత బండి కదా, వాసన మామూలే” అంటారు. మనమూ నిజమే కాబోలనుకుంటాం. కాదండీ, నిజం కాదు. కొత్తదైనా పాతదైనా కారు లోపల పెట్రోలు వాసన రాకూడదు. వస్తోందంటే ఎక్కడో పైపు చిల్లు పడింది, లేదా క్లిప్పు వదులైంది, లేదా ట్యాంకు మూత, దాని రబ్బరు పాడయ్యాయి. ఈ మూడింట్లో ఏదైనా కొన్ని వందల రూపాయల్లో, ఒక పూటలో బాగయ్యేదే చాలాసార్లు. బాగు చేయించకపోతే ఏమవుతుందో మాత్రం చెప్పలేం.

మా లింగంపేటలో, చుట్టుపక్కల ఎల్లారెడ్డి, తాడ్వాయి ఊళ్ళలో పాత కార్లకు కొదవ లేదు. మారుతి 800 అయితే వాడకు ఒకటి కనిపిస్తుంది. 1983 డిసెంబరులో ఇందిరాగాంధీ గారు మొదటి కారు తాళాలు ఇచ్చినప్పటి నుంచి 2014 జనవరిలో తయారీ ఆగిపోయే దాకా ఈ చిన్న కారు మధ్యతరగతి ఇళ్ళను ఏలింది. 2010లో కొత్త పొగ నిబంధనలొచ్చి హైదరాబాద్‌తో సహా 13 పెద్ద నగరాల్లో దాని అమ్మకాలు ఆపేశారు. అంబాసిడర్ తయారీ కూడా 2014లోనే ఆగిపోయింది. పట్నంలో వద్దనుకున్న బళ్ళు ఒక్కొక్కటీ సెకండ్ హ్యాండులో మన ఊళ్ళకు చేరాయి. పెళ్ళికి, పేరంటానికి, ఆసుపత్రికి, కామారెడ్డిలో సామాన్లకు అవే. పదిహేనేళ్ళు నిండాక ఆఫీసుకు తీసుకెళ్ళి చూపించి మళ్ళీ అయిదేళ్ళకు రిజిస్ట్రేషన్ చేయించుకుని నడుపుతున్నవాళ్ళు ఎంతమందో! బండి ఇంజను బాగుంది, టైర్లు బాగున్నాయి, రంగు కూడా వేయించాం. కానీ పాతికేళ్ళుగా కింద పెట్రోలు మోస్తున్న పైపు సంగతి?

పెట్రోలు దారి ఎటు?

దీన్ని మగవాళ్ళ విషయం అనుకుని పేజీ తిప్పేయకండి. మన ఇంటి మిద్దె మీద ట్యాంకు నుంచి వంటింటి కొళాయి దాకా నీళ్ళ పైపు ఎలా వస్తుందో తెలుసు కదా, ఇదీ అంతే.

కారు వెనక భాగంలో, సీటుకూ డిక్కీకీ కింద పెట్రోలు ట్యాంకు ఉంటుంది. అక్కణ్ణించి కారు పొట్ట కింద నుంచి సన్నని ఇనుప గొట్టం ముందు దాకా వస్తుంది. ఇనుప గొట్టం మొదట్లో ట్యాంకు దగ్గర ఒక రబ్బరు ముక్క, చివర ఇంజను దగ్గర మరో రెండు మూడు రబ్బరు ముక్కలు. ఇంజను పనిచేసేటప్పుడు అదురుతుంది కదా, ఇనుము అయితే విరుగుతుంది. అందుకని అక్కడ రబ్బరు పెడతారు. మధ్యలో పెట్రోలును వడగట్టే ఫిల్టరు ఉంటుంది, మన టీ గంటె లాంటిదే. వాడగా మిగిలిన పెట్రోలును మళ్ళీ ట్యాంకుకు చేర్చే తిరుగు గొట్టం ఒకటి, ట్యాంకులో ఆవిరి పోవడానికి ఇంకో సన్న గొట్టం. చాలా పాత బళ్ళలో ఇవన్నీ పక్కపక్కనే ఉంటాయి.

ఇక్కడ ఒక ముఖ్యమైన తేడా ఉంది. కార్బొరేటర్ ఉన్న పాత బళ్ళలో పంపు ఇంజనుకే తగిలించి ఉంటుంది, పెట్రోలును మెల్లగా పీల్చుకుంటుంది, ఒత్తిడి తక్కువ. 2000 సంవత్సరం చుట్టుపక్కల వచ్చిన ఎం.పి.ఎఫ్.ఐ. బళ్ళలో కరెంటు పంపు ట్యాంకులోనే ఉండి బలంగా తోస్తుంది. టైర్లో గాలి ఎంత ఒత్తిడితో ఉంటుందో ఇంచుమించు అంతకంటే ఎక్కువే. అలాంటి పైపు చిల్లు పడితే చుక్కలుగా కారదు, పిచికారీ లాగా చిమ్ముతుంది. వేడి ఇంజను మీద చిమ్మిందంటే ఇక చెప్పాలా?

పైపు ఎందుకు పాడవుతుంది?

మొదటి కారణం వయసు. కుక్కరు గాస్కెట్ చూడండి, కొన్నప్పుడు మెత్తగా సాగుతుంది. రెండేళ్ళు ఆవిరి తగిలాక బిరుసెక్కి, వంచితే గీతలు గీతలుగా పగుళ్ళు కనిపిస్తాయి. బానెట్ కింద రబ్బరుదీ అదే కథ. మా వైపు ఎండాకాలం ఎలా ఉంటుందో తెలిసిందే. ఎండలో నిలబెట్టిన బండి బానెట్ మీద చెయ్యి పెట్టలేం, లోపల ఇంజను వేడి దానికి తోడు.

రెండోది తుప్పు. ఇనుప గొట్టాన్ని కారు పొట్టకు పట్టి ఉంచే క్లిప్పుల సందుల్లో బురద ఇరుక్కుంటుంది. అక్కడే తడి నిలిచి, బయటికి కనిపించకుండా గొట్టాన్ని తినేస్తుంది. 2025 ఆగస్టు 27, 28 తేదీల్లో మన కామారెడ్డి జిల్లాలో కురిసిన వాన ఎవరూ మరిచిపోలేదు. ఎన్ని బళ్ళు నీళ్ళల్లో మునిగాయో! సీట్లు ఎండబెట్టారు, ఇంజను ఆయిల్ మార్పించారు, బండి నడిచింది, సంతోషించారు. కింద గొట్టం క్లిప్పుల్లో దూరిన ఒండ్రు మట్టిని ఎంతమంది కడిగించారంటారు? వరద నీళ్ళు చూసిన బండి అయితే ఒక్కసారి జాకీ ఎత్తించి పొట్ట కింద చూపించుకోవడం మంచిది.

మూడోది ఎలుకలు. ఇది మన పల్లెల బాధ. ఒకపక్క వడ్ల బస్తాలు, మరోపక్క మక్కల కుప్ప, మధ్యలో కారు! ఎలుకకు బానెట్ కింద వెచ్చగా, చీకటిగా బాగుంటుంది. పళ్ళు అరగదీసుకోవడానికి రబ్బరు, వైర్లు కొరుకుతుంది. వైరు కొరికితే బండి స్టార్టు కాదు, మనకు తెలిసిపోతుంది. పైపు కొరికితే బండి స్టార్టవుతుంది, అదే ప్రమాదం. పొగాకు కాడలు వేలాడదీస్తే పోతాయంటారు. కొన్నాళ్ళు పనిచేస్తుంది, ఘాటు తగ్గగానే మళ్ళీ వస్తాయి, మార్చి మార్చి కట్టాలి. నా మాట వింటే కారును గింజల దగ్గర నిలపకండి. బానెట్ కింది సందులకు సన్న జాలీ కొట్టించండి. రోజూ తియ్యని బండి అయితే వారానికి రెండుసార్లు బానెట్ ఎత్తి చూడండి. కొరికిన నలక, రెట్టలు కనిపిస్తే బండి తియ్యొద్దు.

నాలుగోది ఈ మధ్య వచ్చింది. పెట్రోలులో ఇథనాల్ కలుపుతున్నారని వినే ఉంటారు. చెరుకు, మక్కలు, నూకల నుంచి తీసే సారా లాంటి పదార్థమే ఇది. మన చేలో పండిందే మన బండిలోకి తిరిగొస్తోందన్నమాట! 2023 ఫిబ్రవరిలో నూటికి ఇరవై పాళ్ళు కలిపిన పెట్రోలు మొదలైంది, 2025 నాటికి దేశమంతా ఆ లెక్కకు చేరింది. కొత్త బళ్ళు దానికి తట్టుకునేట్టే తయారవుతున్నాయి. పాత బళ్ళ రబ్బరు మాత్రం దీన్ని దృష్టిలో పెట్టుకుని చేసింది కాదు. ఇథనాల్ కొన్ని రకాల పాత రబ్బరును ఉబ్బిస్తుంది, మెత్తబరుస్తుంది, ఆరితే పగిలేట్టు చేస్తుంది. పైగా గాలిలోని తడిని పీల్చుకుంటుంది, దాంతో ఇనుముకు తుప్పు. పాత బళ్ళలో కొన్నిటికి ఇరవై ముప్పై వేల కిలోమీటర్లు వాడాక కొన్ని రబ్బరు భాగాలు, గాస్కెట్లు మార్చుకోవాల్సి రావచ్చని 2025లో పెట్రోలియం శాఖే చెప్పింది. దీని మీద బంకుల దగ్గర, రచ్చబండల దగ్గర పెద్ద వాదనలే నడిచాయి. మైలేజీ సంగతి ఎలా ఉన్నా, రబ్బరు మార్చుకోవడానికి వాదన ఎందుకు? ఎటూ ముసలిదైన రబ్బరే కదా!

సెలైన్ పైపు వైద్యం

మా ఇంట్లో 1998 నాటి మారుతి ఉంది, కార్బొరేటర్‌ది. మా పెద్దమ్మాయి కాన్పుకు వచ్చింది, తొమ్మిదో నెల. సరిగ్గా అప్పుడే బండిలో వాసన మొదలైంది. పొద్దున డోరు తీస్తే గుప్పుమనేది. మావారు దగ్గర్లోని ఒక మెకానిక్కు చూపించుకొచ్చారు. అరగంటలో పని అయిపోయింది, వాసన తగ్గింది, నూటయాభై రూపాయలతో తేలింది.

బానెట్ ఎత్తి చూపించమన్నాను. ఫిల్టరుకూ పంపుకూ మధ్య తెల్లగా, పారదర్శకంగా ఒక పైపు! ఎక్కడో చూసినట్టుందే అనుకున్నాను. ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించే పైపు అది. రెండు చివర్లా బైండింగ్ వైరు చుట్టి పక్కడుతో మెలి తిప్పాడు.

ఆ అబ్బాయిని పిలిపించి అడిగాను. “ఏం కాదక్కా, మస్తు బండ్లకు గిదే ఏసిన. పెట్రోలు పోయేది కూడా కండ్లకు కనవడతది” అన్నాడు నవ్వుతూ. 

“కనవడుడు కాదు బిడ్డా, వేడికి ఇది ఎన్ని రోజులుంటది?” అన్నాను. సమాధానం లేదు.

ఆ పైపు మందు నీళ్ళ కోసం చేసిన ప్లాస్టిక్. పెట్రోలు తగిలితే దాని మెత్తదనం పోయి పుల్లలాగా బిరుసవుతుంది, వేడికి వంగిపోతుంది, బైండింగ్ వైరు కోసుకుపోతుంది. రోజులా, నెలలా అన్నది ఎవరూ చెప్పలేరు. నిండు చూలాలిని అర్ధరాత్రి అందులో ఎక్కించుకుని గంటసేపు కామారెడ్డి రోడ్డు మీద వెళ్ళాలి! నేను ససేమిరా అన్నాను. మావారికి కోపం వచ్చింది, “నువ్వు మెకానిక్కువా?” అన్నారు. మా అత్తగారు మాత్రం “పోరి కంటే ఎక్కువనా? బండి పక్కన పెట్టు, 108కి ఫోన్ చేద్దాం, లేకుంటే జీపు మాట్లాడుదాం” అని తేల్చేశారు. ఆవిడ మాటకు ఎదురు లేదు. మర్నాడే కామారెడ్డిలో మరో షెడ్డుకు బండిని ట్రాలీ మీద పంపాం. అక్కడ పొట్ట కింద చూస్తే ఇంకో విషయం బయటపడింది. వెనక చక్రం దగ్గర క్లిప్పు కింద ఇనుప గొట్టం తుప్పు పట్టి, గోరుతో గీకితే పొరలు రాలుతోంది. సెలైన్ పైపు పెట్టినతనికి అది తెలియనే తెలియదు. ఎక్కడ కారుతోందో అక్కడ మాత్రమే చూశాడు.

పని ఎలా చేయాలి? ఎలా చేయిస్తున్నారో ఎలా చూడాలి?

ఆ రోజు మావారితో నేనూ వెళ్ళి షెడ్డులో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఆ ముసలి మెకానిక్ మంచివాడు, అడిగినవన్నీ విసుక్కోకుండా చెప్పాడు. ఆయన దగ్గర విన్నవీ, తర్వాత తెలిసినవాళ్ళను అడిగి సరిచూసుకున్నవీ రాస్తున్నాను. పని మీరు చెయ్యక్కర్లేదు. ఎలా జరగాలో తెలిస్తే చాలు, తేడా వస్తే మీ కంటికే కనిపిస్తుంది.

మొట్టమొదట ఇంజను పూర్తిగా చల్లారాలి. బండి ఆరుబయట ఉండాలి, గుంతలో గానీ మూసిన గదిలో గానీ వద్దు. పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువు, మన వంట గ్యాసు లాగే నేలబారుగా పాకి గుంతల్లో నిలుస్తుంది. నిప్పు పదడుగుల అవతల ఉన్నా వెతుక్కుంటూ పోతుంది. అందుకని చుట్టుపక్కల బీడీ, దోమల బత్తి, దేవుడి దీపం, వెల్డింగు ఏవీ ఉండకూడదు. బ్యాటరీ నెగెటివ్ వైరు విప్పి పక్కకు పెట్టాలి. వైరు బల్బు వేలాడదీసి దాని వెలుతుర్లో పని చేస్తుంటారు, బల్బు పగిలిందంటే అంతే. మంచి టార్చిలైటు చాలు. ఒక కిలో పొడి మంట ఆర్పే సిలిండరు, అది లేకపోతే రెండు బకెట్ల పొడి ఇసుక చేతికందేంత దూరంలో ఉండాలి. బకెట్ నీళ్ళు పెట్టి ఊరుకోకండి. పెట్రోలు నీళ్ళ మీద తేలుతుంది, మంట ఇంకా పాకుతుంది.

ఎం.పి.ఎఫ్.ఐ. బండి అయితే బ్యాటరీ విప్పడానికి ముందే ఇంకో పని ఉంది. పంపు ఫ్యూజు పీకి, ఇంజను దానంతటదే ఆగిపోయేదాకా నడిపించాలి. అప్పుడు పైపులో ఒత్తిడి పోతుంది. ఆ తర్వాత ఇంజను మళ్ళీ చల్లారనివ్వాలి. ఒత్తిడి ఉండగా పైపు పీకితే పెట్రోలు కళ్ళల్లో చిమ్ముతుంది. ట్యాంకు మూత ఒకసారి తీసి పెట్టాలి. ట్యాంకులో పెట్రోలు అడుగంటినప్పుడు ఈ పని పెట్టుకుంటే ఇంకా మేలు.

ట్యాంకు ఖాళీ చెయ్యాల్సి వస్తే నోటితో పైపు పీల్చి తీయడం మన దగ్గర మామూలు. దయచేసి చెయ్యనివ్వకండి. గుక్కెడు ఊపిరితిత్తుల్లోకి పోయినా ప్రాణం మీదికి వస్తుంది. పొరపాటున మింగితే కక్కించకూడదు, ఉప్పు నీళ్ళు తాగించకూడదు. కక్కేటప్పుడే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నేరుగా ఆసుపత్రికే. తీసిన పెట్రోలును నీళ్ళ సీసాల్లో, కూల్‌డ్రింక్ సీసాల్లో పోసి గూట్లో పెట్టడం మరీ అన్యాయం. ఎండాకాలం దాహమై వచ్చిన పిల్లలకు ఆ రంగు చూసి ఏం తెలుస్తుంది?

ఇక పైపు. దుకాణంలో “పెట్రోలు పైపు” అని అడిగితే ఏదో ఒకటి ఇస్తారు. పైపు మీద అక్షరాలుంటాయి, చదవండి. ఏమీ రాసి లేని నల్ల పైపు కొనొద్దు. ఎం.పి.ఎఫ్.ఐ. బండికి ఎక్కువ ఒత్తిడికి తట్టుకునే రకం కావాలి, దాని మీద ‘ఆర్ 9’ అని ఉంటుంది. ‘ఆర్ 6’, ‘ఆర్ 7’ అని ఉన్నవి తక్కువ ఒత్తిడి కార్బొరేటర్ బళ్ళకు మాత్రమే. రెంటికీ ‘ఆర్ 9’ వేసినా నష్టం లేదు, కాస్త ఖరీదు. ఇథనాల్‌కు తట్టుకుంటుందా అని కూడా అడగండి. పాత ముక్క చేత్తో పట్టుకెళ్ళి లోపలి బెజ్జం కొలత సరిచూసుకోవాలి. వదులైతే జారుతుంది, బిగుతుదాన్ని సాగదీసి ఎక్కిస్తే కొన్నాళ్ళకు అక్కడే చీలుతుంది. కూలరు పైపు, చేపల తొట్టి పైపు, మన సెలైన్ పైపు ఏవీ పనికిరావు. పైపు పగిలిన చోట ఎం-సీల్ ముద్ద పెట్టడం, టేపు చుట్టడం, సబ్బు పూయడం కూడా అంతే. రోడ్డు మీద దిక్కు లేనప్పుడు ఎవరైనా సబ్బు పూశారంటే, బండిని అక్కడే వదిలి ఇంకో బండిలో ఇంటికి రండి.

కొన్ని కొత్త తరహా బళ్ళలో గట్టి ప్లాస్టిక్ గొట్టాలు, నొక్కితే టక్కున పట్టుకునే మూతులు ఉంటాయి. వాటిని కోసేసి రబ్బరు తొడిగి క్లిప్పు బిగించడం తప్పు. దానికి తగిన గొట్టమే తెప్పించాలి.

క్లిప్పుల దగ్గరే చాలామంది కక్కుర్తి పడతారు. పాత క్లిప్పులే మళ్ళీ బిగిస్తామంటారు. వద్దు, పైపుతో పాటు అవీ కొత్తవే. స్క్రూ తిప్పి బిగించే క్లిప్పుల్లో అంచులు లోపలికి మడిచినవి, రబ్బరును కొయ్యనివి దొరుకుతాయి, అవే కావాలి. పైపు ఇనుప గొట్టం మీదికి ఒక అంగుళమైనా ఎక్కాలి. ఇనుప గొట్టం చివర సన్న గాజు తొడిగినట్టు చిన్న ఉబ్బు ఉంటుంది. క్లిప్పు ఆ గాజు దాటి లోపలి వైపున పడాలి, గాజు మీద కాదు, పైపు అంచు మీదా కాదు. ఉబ్బు ఉంటేనే పైపు జారదు. తుప్పు పట్టిన ముక్క కోసి, ఆ నున్నటి కొసకు రబ్బరు తొడిగి క్లిప్పు బిగించారనుకోండి, ఎప్పుడో ఒకప్పుడు ఊడుతుంది. కొసకు ఉబ్బు చేయించాలి, లేదా ఆ గొట్టం మొత్తం మార్చాలి. మా బండికి మొత్తం మార్పించాం. మూడడుగుల ఇనుప గొట్టం తీసి మూడడుగుల రబ్బరు వేసేస్తామనేవాళ్ళుంటారు, తేలికైన పని మరి. పొట్ట కింద రబ్బరుకు రాయి తగిలితే తెగుతుంది. ఇనుము ఉన్న చోట ఇనుమే ఉండాలి. రాగి గొట్టం మెరుస్తూ అందంగా ఉంటుంది, కానీ అదురుకు అదురుకు బిరుసెక్కి పగులుతుంది.

ఇప్పుడు అసలు సంగతి. పైపు మార్చడం సగం పనే, దాన్ని కదలకుండా కట్టడం మిగతా సగం. పాత క్లిప్పులు తుప్పు పట్టి ఊడిపోయి ఉంటాయి, మెకానిక్ ఆ జాగాలో బైండింగ్ వైరు చుడతాడు, లేకపోతే అలాగే వేలాడదీస్తాడు. వేలాడే గొట్టం స్పీడు బ్రేకరుకు తగులుతుంది, రేకు అంచుకు రాసుకుని రాసుకుని చిల్లు పడుతుంది. ఇంచుమించు అడుగుకొక చోట క్లిప్పు పడాలి. క్లిప్పు లోపల రబ్బరు పొర ఉండాలి, లేకపోతే క్లిప్పే గొట్టాన్ని తినేస్తుంది. రేకు బెజ్జంలోంచి దూరే చోట రబ్బరు వాషరు తొడగాలి. సైలెన్సరు గొట్టానికి దూరంగా పోవాలి, దగ్గరగా పోక తప్పని చోట మధ్యన వేడి ఆపే రేకు ఉండాలి. మొదట కంపెనీవాళ్ళు ఏ దారిన వేశారో ఆ దారినే వెయ్యమనండి, అడ్డదారులు వద్దు. ఇంజను దగ్గరి రబ్బరు ముక్క మరీ బిగుసుకుపోకుండా కొంచెం వదులుండాలి, మెలిక పడకూడదు, ఫ్యాను బెల్టు వైపు వాలకూడదు. ఫిల్టరు మీద బాణం గుర్తు ఉంటుంది, అది ఇంజను వైపు చూడాలి. ఆ ఫిల్టరు కూడా అదే చేత్తో మార్పించేయండి.

అంతా అయ్యాక బ్యాటరీ కలిపి, ఇంజను తిప్పకముందు తాళం మాత్రం రెండు మూడుసార్లు ఆన్ చేసి ఆపాలి. కరెంటు పంపు ఉన్న బళ్ళలో అప్పుడే పైపు నిండుతుంది. అతుకు అతుకుకూ పొడి న్యూస్‌పేపరు ముక్క ఒత్తి చూడాలి. మరక పడితే మళ్ళీ విప్పాల్సిందే. తర్వాత పది నిమిషాలు ఇంజను నడిపించి మళ్ళీ ఒత్తి చూడాలి. మర్నాడు పొద్దున బండి కింద పాత కార్డ్‌బోర్డు అట్ట ఒకటి పరిచి ఉంచండి. చుక్క పడితే అట్టే చెప్తుంది. ఇది మాత్రం మనం ఇంట్లో ఎప్పుడైనా చేసుకోగల పరీక్ష, నెలకోసారి చేసినా మంచిదే.

మంట అంటుకుంటే...

2013 అక్టోబరు 30 తెల్లవారుజామున పాలమూరు జిల్లా పాలెం దగ్గర బెంగుళూరు నుంచి హైదరాబాద్ వస్తున్న బస్సు కల్వర్టును కొట్టి, ఇంధనం ట్యాంకు పగిలి 45 మంది కాలిపోయారు. 2025 అక్టోబరు 24న కర్నూలు దగ్గర చిన్నటేకూరులో బస్సు కింద ఇరుక్కున్న మోటారు సైకిల్ పెట్రోలు కారి, రోడ్డుకు రాసుకున్న నిప్పురవ్వలతో అంటుకుంది. 19 మంది ప్రయాణికులు చనిపోయారు. అవి పెద్ద బళ్ళు, పెద్ద ప్రమాదాలు, మన చిన్న కారుతో పోల్చలేం. కానీ కారిన ఇంధనానికి ఒక్క నిప్పురవ్వ చాలునని, మంట మనకు ఇచ్చే వ్యవధి నిమిషాల్లోనే అని మాత్రం అవి చెప్తున్నాయి.

నడుస్తున్న కారులో వాసన ఒక్కసారిగా ఘాటుగా వస్తే, బానెట్ సందుల్లోంచి పొగ వస్తే వెంటనే పక్కకు ఆపి తాళం తిప్పేయమనండి. ముందు మనుషులు దిగాలి, సామాన్లు తర్వాత. వెనక డోర్లకు పిల్లల లాకు వేసి ఉంటే లోపల నుంచి తెరుచుకోవు, బయటి నుంచి మనమే తెరవాలి. ఆ సంగతి ఇంట్లో పెద్ద పిల్లలకు కూడా తెలిసి ఉండాలి. బానెట్ పూర్తిగా ఎత్తి చూడొద్దు, గాలి తగిలి మంట భగ్గుమంటుంది. దూరంగా, ఓ నలభై అడుగులు ముందుకు కాకుండా ఇంకా అవతలికి పోయి 101కి గానీ 112కి గానీ ఫోన్ చెయ్యండి. నగల సంచి కోసం వెనక్కి పరుగెత్తే అలవాటు మనకే ఎక్కువ, అందుకే రాస్తున్నాను.

వంటింటి పైపు కూడా

ఇంత చెప్పాక మన గ్యాసు ట్యూబు సంగతి చెప్పకపోతే బాగుండదు. కారు పైపు మీద అక్షరాలు చదివినట్టే దాని మీదా చదవండి. లోపల తీగ అల్లిన సురక్ష ట్యూబే వాడాలి, ఐ.ఎస్.ఐ. గుర్తు ఉండాలి. అయిదేళ్ళకొకసారి మార్చాలి, తారీఖు దాని మీదే ఉంటుంది. పొయ్యి వెనక నుంచి, గోడ బెజ్జంలోంచి కనిపించకుండా తిప్పకండి. మీటరున్నర కంటే పొడుగు వద్దు, మధ్యలో అతుకులు అసలే వద్దు. వాసన వస్తే సబ్బు నురగ పూసి బుడగలు చూడాలి, అగ్గిపుల్ల గీసి కాదు. గ్యాసు లీకు అయితే 1906కి ఫోన్ చేస్తే ఏ వేళైనా పలుకుతారు. నూనె జిడ్డు పట్టిన ట్యూబును కూడా ఎలుకలు ఇష్టంగా కొరుకుతాయి, రాత్రి పడుకునేముందు తుడిచి రెగ్యులేటరు కట్టేయండి.

మా అమ్మాయి సంగతి అడుగుతారేమో. బండి షెడ్డు నుంచి వచ్చిన నాలుగో రోజు రాత్రి నొప్పులు మొదలయ్యాయి. మా మారుతిలోనే తీసుకెళ్ళాం, దారిలో వాసన లేదు. మనవరాలు పుట్టింది.

పెట్రోలు వాసన వదిలించాలంటే...

పైపు బాగుపడినా సీట్ల గుడ్డకు, కింద మ్యాట్లకు వాసన కొన్నాళ్ళు ఉంటుంది. డోర్లన్నీ తెరిచి ఒక పూట నీడలో గాలికి ఉంచాలి. తర్వాత తినే సోడా పలచగా చల్లి రాత్రంతా వదిలేసి పొద్దున బ్రష్షుతో దులిపేయాలి. రెండు మూడుసార్లు చేస్తే పోతుంది. అగరుబత్తి వెలిగించి వాసన పోగొడదామని చూడకండి, నిజంగానే అలా చేసినవాళ్ళున్నారు!

చేతులకు అంటితే శనగపిండి, నిమ్మచెక్క కలిపి రుద్ది, సబ్బుతో కడుక్కుంటే చాలు. మావారి చొక్కా, మెకానిక్ దగ్గర వాడిన పాత గుడ్డలు ఇంట్లో మూటగట్టి ఉంచొద్దు. బయట తీగ మీద విడివిడిగా ఆరేయండి, పూర్తిగా వాసన పోయేదాకా. తర్వాత కూడా వాషింగ్ మెషిన్లో వేయకండి, మోటారు నిప్పురవ్వకు ఆవిరి అంటుకోవచ్చు. విడిగా బకెట్లో సబ్బు పొడి వేసి నానబెట్టి చేత్తో ఉతికి, రెండోసారి కూడా వాసన వస్తే ఆ గుడ్డను పారేయడమే. స్టవ్ తుడవడానికి మాత్రం దాచుకోవద్దు.